గూటినుండి పడిన పిల్ల - ఊరివారి విధి



రాత్రి గాలి గట్టిగా వీచినది. తెల్లవారి మీరు పొలమునకు పోవుచుండగా, ఊరిచివర చింతచెట్టు క్రింద, ఈకలు పూర్తిగా రాని పెద్ద పక్షిపిల్ల ఒకటి పడియున్నది. పైన గూటిలో దాని తోడిపిల్లలు అరచుచున్నవి. వీధికుక్క ఒకటి దూరమున నిలిచి చూచుచున్నది. అప్పుడు మీరేమి చేయుదురు? "పిట్టపిల్లయే గదా" అని సాగిపోవుదురా? లేక నిలుతురా?

ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును. కాని గూడబాతులు, కొంగలు ఒక ఊరిని నమ్ముకొని నిలుచుటయో, విడిచిపోవుటయో ఇట్టి చిన్న పనులమీదనే చాలవరకు ఆధారపడియుండును. ప్రభుత్వము చట్టము చేయగలదు, కాపలాదారును నియమింపగలదు. కాని ప్రతి చెట్టుక్రింద, ప్రతి ఉదయమున ఉండువారు ఊరివారే. కనుక పక్షులు గూళ్ళు పెట్టు ఊళ్ళలో రైతులు తెలిసికొనవలసిన సంగతులను, పిల్ల పడినప్పుడు చేయవలసిన పనులను ఈ వ్యాసములో వివరించుచున్నాము.

ఈ పక్షులు ఏవి?

మన ఊళ్ళ చెట్లమీద గుంపులుగా గూళ్ళు పెట్టు పెద్ద పక్షులలో ముఖ్యమైనవి మూడు.

గూడబాతు: బూడిదరంగు పక్షి. పొడవైన ముక్కు క్రింద చర్మపు సంచి వ్రేలాడుచుండును. ముక్కుమీద చుక్కలు కలవు. పెరిగిన పక్షి సాధారణముగా 4 నుండి 6 కిలోల బరువుండును. చేపలే దీని ఆహారము.

ఎర్రకాళ్ళ కొంగ: తెల్లని ఒంటిమీద నల్లని పట్టీలు, పసుపుపచ్చని ముక్కు, రెక్కల చివర గులాబివన్నె ఉండును. మోకాలి లోతు నీటిలో ముక్కు తెరచి నిలిచి చేపలను పట్టుకొనును.

నత్తగుల్ల కొంగ: దీని ముక్కు మూసినను నడుమ సందు ఉండును. వరిమడులలోను చెరువులలోను నత్తలను ఏరి తినును. వరి రైతునకు ఇది కూలి అడుగని కూలివాడు.

ఈ పక్షులు సైబీరియానుండి వచ్చునని మనవారు చాలమంది చెప్పుకొందురు. ఇది సరికాదు. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగుల్ల కొంగలు మన దేశపు పక్షులే. నీరు, చేపలు ఉన్న తావులను వెదకుకొనుచు ఒక ప్రాంతమునుండి మరియొక ప్రాంతమునకు పోవుచుండును. గూళ్ళు పెట్టు కాలమున తమకు నమ్మకమైన ఊరికి తిరిగివచ్చును. దూరదేశపు చుట్టములు మన ఊరిలో గూడు పెట్టకపోయినను వేరొకచోట పెట్టుకొనునని ఊరకుండవచ్చును. కాని ఇవి మన బిడ్డలే. మన ఊళ్ళు కాదన్నచో వీనికి పోవుటకు వేరు దేశము లేదు.

ఇవి సాధారణముగా 3, 4 గ్రుడ్లు పెట్టును. పొదుగుటకు సుమారు నెలదినములు పట్టును. కొంగపిల్ల ఎగురుటకు రెండు నెలలు, గూడబాతు పిల్ల పూర్తిగా ఎదుగుటకు మూడు నెలలకు పైగా పట్టును. అనగా గూడు కట్టినది మొదలు పిల్ల ఎగిరిపోవువరకు నాలుగైదు నెలలపాటు ఆ చెట్టుకు అలజడి ఉండరాదు. నడుమ ఒకనాడు కొమ్మ నరికినను, తుపాకి ప్రేలినను తల్లిపక్షులు లేచిపోవును. ఆ కొద్దిసేపటిలోనే కాకులు గ్రుడ్లను పొడుచును, ఎండకు చిన్నపిల్లలు సొమ్మసిల్లును.

మన ప్రాంతపు ఉదాహరణలు

శ్రీకాకుళము జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురము కలదు. నౌపడా ఉప్పుటేళ్ళు దగ్గరలో ఉన్నవి. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి, ఇండ్ల నడుమ చెట్లమీదనే గూళ్ళు కట్టి, వేసవి ముదురులోపల పిల్లలతో వెడలిపోవును. పక్షులు వచ్చిన ఏడు ఊరికి మేలు జరుగునని అచటి పెద్దల నమ్మకము.

రాయలసీమలో లేపాక్షికి చేరువనున్న వీరాపురములో ఎర్రకాళ్ళ కొంగలు జనవరి ప్రాంతమున వచ్చి చింతచెట్లమీద గూళ్ళు పెట్టును. గుంటూరునకు దగ్గరనున్న ఉప్పలపాడులో ఊరిచెరువులోని తుమ్మచెట్లే పక్షుల కాపురము. పులికాటు సరస్సు దాపున నేలపట్టులో నీటిలో నిలిచి బ్రతుకు కడపచెట్లమీద గూడబాతులు గూళ్ళు కట్టును. నేలపట్టు 1976 నుండి పక్షుల రక్షిత ప్రాంతము.

ఈ నాలుగు చోట్లను పరికించినచో ఒక సంగతి తెలియును. పక్షి చూచునది అడవి యొక్క గొప్పతనము కాదు. మూడే మూడు చూచును: దగ్గరలో చేపలున్న నీరు, గట్టి కొమ్మలున్న చెట్టు, క్రింద అలజడి చేయని మనుష్యుడు. మొదటి రెండును ఉండి మూడవది లేనిచోట పక్షి నిలువదు.

పోయిన గూళ్ళు తిరిగిరావు

పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు వద్ద గూడబాతులు పెద్దసంఖ్యలో గూళ్ళు పెట్టుచుండుటను కె. కె. నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు 1946లో చూచి, ఆ విషయమును 1949లో ప్రకటించెను. నేడు ఆ గూళ్ళు లేవు. తరువాతి దశాబ్దములలో గూడబాతులు ఆ తావును విడిచినవి.

కొల్లేరు 1999లో రక్షిత ప్రాంతముగా ప్రకటింపబడినది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలల జాబితాలో చేరినది. కొల్లేటి అంచున కైకలూరు దగ్గర ఆటపాకలో తగినన్ని చెట్లు లేనందున, నీటిలో ఇనుపస్తంభములు నాటి, వానిపై పళ్ళెములవంటి మంచెలు అమర్చగా, గూడబాతులు వానిమీద గూళ్ళు పెట్టుచున్నవి. సంతోషింపదగిన విషయమే. కాని ఒక్కమాట ఆలోచింపుడు. మీ తాత నాటిన చింతచెట్టు ఉచితముగా చేసిన పనిని నేడు ఇనుము, కూలి, డబ్బు పెట్టి చేయవలసివచ్చుచున్నది.

తుపాను దెబ్బ మరియొకటి. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లామీద విరుచుకొనిపడినప్పుడు తేలినీలాపురములోను గూళ్ళచెట్లు కూలినవి. చెట్టు పెరుగుటకు ఇరువది, ముప్పది ఏండ్లు కావలెను. కనుక ఉన్న చెట్లను కాపాడుట ఎంత అవసరమో, ప్రతి సంవత్సరము తొలకరిలో కొన్ని చింత, కానుగ, తుమ్మ, రావి మొక్కలను చెరువుగట్ల వెంబడి నాటుచుండుటయు అంతే అవసరము.

రైతునకు లాభమా, నష్టమా?

నిజము చెప్పవలెనన్న రెండును ఉన్నవి. గూళ్ళున్న చెట్టుక్రింద వాసన ఉండును. రెట్టలవలన ఆకు మాడును, చింతకాపు తగ్గును. కాపు అమ్ముకొని బ్రతుకు రైతును "ధర్మమునకై నష్టపడుము" అనుట న్యాయము కాదు. నష్టమును ఊరంతయు పంచుకొనవలెను.

కర్ణాటకలో మద్దూరు తాలూకా కొక్కరె బెళ్ళూరు ఈ విషయములో మంచి పాఠము. అచ్చట గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఇండ్లపెరళ్ళలోని చింతచెట్లమీదనే గూళ్ళు పెట్టును. కాపు కోయక చెట్టును పక్షులకు వదలిన యజమానులకు అటవీశాఖవారు పరిహారము చెల్లించు పద్ధతి పెట్టిరి. రైతులు చెట్లచుట్టు గోతులు త్రవ్వి, చెరువుమట్టి నింపి, అందులో పడిన రెట్టలను ఎరువుగా వాడుకొనిరి. 1990 దశకమున ఊరివారు, మైసూరు ప్రకృతి ప్రేమికులు కలిసి "హెజ్జార్లె బళగ" అను సంఘము పెట్టుకొనిరి. హెజ్జార్లె యనగా గూడబాతు. బళగ యనగా మన బలగమే. గూటినుండి పడిన పిల్లలను ఒక కంచెలో ఉంచి, చేపలు పెట్టి సాకి, ఎగురగలిగిన పిదప విడిచిపెట్టుట ఈ బలగము చేసిన పని. 2007లో ఆ గ్రామము సముదాయ రక్షిత ప్రాంతముగా ప్రకటింపబడినది.

తమిళనాడులోని వేడంతాంగళ్ చరిత్ర ఇంకను పాతది. చెరువులోని పక్షులను తుపాకులతో కొట్టుచుండుట చూడలేక ఊరి రైతులు కలెక్టరుతో మొరపెట్టుకొని, పక్షుల రక్షణకై 1798లో కౌలుపత్రము పొందిరి. దీనిలో భక్తి ఒక్కటియే కాదు, లెక్కయు కలదు. పక్షుల రెట్టలు కలిసిన చెరువునీరు పారిన పొలములు బాగుగా పండుచుండుట ఆ రైతులు ఎరుగుదురు.

పక్షిరెట్టలో నత్రజనియు భాస్వరమును హెచ్చుగా ఉండును. అయితే పచ్చిరెట్టను తిన్నగా మొక్కల మొదళ్ళలో వేయరాదు. వేళ్ళు మాడును. మట్టితోను చెత్తతోను కలిపి, కొన్ని నెలలు మాగనిచ్చి, పిదప పొలమునకు తోలవలెను. ఎరువును ఎత్తునప్పుడు ముక్కునకు గుడ్డ కట్టుకొనుట, పని ముగిసిన పిదప సబ్బుతో చేతులు కడుగుకొనుట మరువరాదు. గూళ్ళలో పిల్లలు ఉన్నంతకాలము చెట్టుక్రింద త్రవ్వకము పెట్టుకొనక, పక్షులు వెడలిన తరువాత ఎత్తుకొనుట మంచిది.

చేపలచెరువుల యజమానులకు వేరొక మాట. గూడబాతు మీ చెరువులో దిగినచో నష్టము నిజమే. దానికి విషము విరుగుడు కాదు. పిల్లచేపలుండు చిన్న చెరువులపై వల బిగించి కట్టవలెను. వదులుగా వ్రేలాడు వలలో పక్షి చిక్కుకొని చచ్చును. బిగువుగానున్న వలను చూచి తొలగిపోవును. విషము కలిపిన చేప పక్షితో ఆగదు. కుక్కకును, పిల్లికిని, చివరకు మనుష్యునకును చేరును.

పిల్ల పడినప్పుడు చేయవలసిన పనులు

1. ముందు కుక్కలను, గుమిగూడిన జనమును దూరముగా పంపవలెను. పడిన పిల్లను చంపునది దెబ్బ ఒక్కటే కాదు. భయము, ఎండ, కుక్క - ఈ మూడును చంపును.

2. పలుచని గుడ్డను పిల్లమీద కప్పి, రెక్కలను ఒంటికి చేర్చి, రెండు చేతులతో ఎత్తవలెను. కన్ను కప్పబడినచో పక్షి శాంతించును. కొంగముక్కు మీ కంటికి తగులకుండ ముఖమును దూరముగా ఉంచుకొనుడు. కాలు పట్టియో, రెక్క పట్టియో వ్రేలాడదీయరాదు.

3. రక్తము కారుచున్నదా, కాలుగాని రెక్కగాని విరిగినదా చూడవలెను. దెబ్బ లేనిచో, గూడు అందుబాటులో ఉన్నచో, తిరిగి గూటిలో ఉంచుటయే అన్నిటికంటె మేలు. మనిషి ముట్టిన పిల్లను తల్లి చేరనీయదను మాట నిజము కాదు. అయితే ఎత్తైన చెట్టును అలవాటులేనివారు ఎక్కరాదు. పక్షిపిల్ల ప్రాణమునకై మనిషి ప్రాణమును పణముగా పెట్టవలదు.

4. గూడు అందనిచో, అడుగున గడ్డి పరచిన వెడల్పైన గంపలోనో, గాలియాడు పెట్టెలోనో ఉంచి, నీడలో, సందడిలేని చోట పెట్టవలెను. వెంటనే అటవీశాఖ బీటు అధికారికి, పశువైద్యునకు కబురు చేయవలెను.

5. నోటిలో నీరు పోయరాదు. ఊపిరితిత్తులలోనికి పోయి చచ్చును. అన్నము, పాలు, రొట్టె పెట్టరాదు. అధికారులు వచ్చుటకు ఆలస్యమగునచో, వారిని అడిగి, తాజా చిన్న చేపలను ముందుంచవచ్చును. ఉప్పుచేప గాని, కుళ్ళిన చేప గాని పనికిరాదు.

6. వలదారము గాని, గాలిపటపు దారము గాని చుట్టుకొన్నచో లాగరాదు, కత్తెరతో ముక్కలుగా కత్తిరింపవలెను. గాలము గ్రుచ్చుకొన్నచో పెరుకరాదు. అది వైద్యుని పని.

7. ఏ చెట్టుక్రింద, ఏ తేదీన, ఎన్ని పిల్లలు పడినవో ఒక పుస్తకములో వ్రాసి ఉంచవలెను. ఒకే చెట్టుక్రింద మాటిమాటికి పడుచున్నచో, కొమ్మ బలహీనమైనదని గాని, గూళ్ళు ఎక్కువైనవని గాని తెలియును. ఆ చెట్టుక్రింద ఎత్తుగా వల కట్టించిన, మరుసటి పిల్ల నేలకు తాకకుండ నిలుచును.

పిల్లను ముద్దుగానున్నదని ఇంటిలో పెంచుకొనరాదు. ప్రేమతో చేసినను అది తప్పే. మనిషి చేతి తిండికి అలవడిన పక్షి చేపను పట్టుట నేర్వదు. అదియుగాక వన్యప్రాణి సంరక్షణ చట్టము, 1972 ప్రకారము అడవిపక్షులను పట్టుట, గ్రుడ్లు తీయుట, గూళ్ళు పాడుచేయుట నేరములు. కాపాడిన పక్షిని అటవీశాఖవారికి అప్పగించినవారికి భయపడవలసిన పనిలేదు.

పెద్దసంఖ్యలో చచ్చుచున్నప్పుడు

ఒకటి, రెండు పిల్లలు పడుట సహజము. కాని నిన్న మూడు, నేడు పది అని చచ్చుచున్నచో అది వేరు విషయము. 2021 చివర, 2022 మొదట తేలినీలాపురములో గూడబాతులు పెద్దసంఖ్యలో చచ్చినప్పుడు, వాని కడుపులో చేరిన పరాన్నజీవి పురుగులు కారణమని పశువైద్యులు గుర్తించిరి. కొన్ని సమయములలో కారణము పురుగుమందు కావచ్చును, కోళ్ళకు వచ్చు బర్డ్ ఫ్లూ కావచ్చును. ఈ వ్యాధి 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలోను, 2025 ఫిబ్రవరిలో గోదావరి ప్రాంతములోను కోళ్ళఫారములకు సోకినది.

కారణము కంటితో చూచి చెప్పుట ఎవరికిని సాధ్యము కాదు. కనుక చచ్చిన పక్షులను ఒట్టిచేతులతో ముట్టరాదు, కోయరాదు, చెరువులో పారవేయరాదు. పిల్లలను, కోళ్ళను ఆ వైపు పోనీయరాదు. పశువైద్యాధికారికి అదేరోజు తెలుపవలెను. వారు వచ్చి నమూనాలు తీసిన పిదప, వారు చెప్పిన రీతిని సున్నము చల్లి లోతుగా పూడ్చవలెను. ఆలస్యము చేసినచో పక్షులకే కాదు, మీ పెరటికోళ్ళకును ముప్పు.

ఊరికట్టు ఎట్లుండవలెను?

ఒక్కరి దయ ఒక్క పక్షిని కాపాడును. పక్షుల గుంపును కాపాడునది ఊరికట్టు. పక్షులు వచ్చుటకు ఒక నెల ముందుగా గ్రామసభలో ఈ క్రింది విషయములు నిర్ణయించుకొనుడు.

గూళ్ళచెట్టును ఎవరును నరుకరాదు. ఇల్లు కట్టుకొనుటకు తప్పనిసరి అయినచో పక్షులు వెడలిన తరువాతనే నరికి, బదులు పది మొక్కలు నాటి పెంచవలెను. కాపు పోగొట్టుకొన్న చెట్టు యజమానికి పంచాయతీ నిధినుండియో, రెట్టయెరువు అమ్మిన సొమ్మునుండియో కొంత ముట్టజెప్పవలెను. పరిహారమునకు అటవీశాఖవారికి ఊరిపేర అర్జీ పెట్టుకొనవలెను.

గూళ్ళ దగ్గరనుండి పోవు కరెంటు తీగలను గుర్తింపవలెను. రెక్కలు చాచిన గూడబాతు రెండు తీగలను ఒక్కసారి తాకగలదు. ఆ కొద్దిదూరము వరకు తొడుగుతీగ వేయుమని విద్యుత్తు శాఖవారికి వ్రాయుడు. పక్షులు మేయు మడులలో గుళికలమందు చల్లినప్పుడు మట్టిలో కలియునట్లు చూడవలెను. మందుడబ్బాలను చెరువులో కడుగరాదు.

పెండ్లిళ్ళకు, పండుగలకు గూళ్ళ దాపున టపాసులు కాల్చరాదు. ఇది కాని పనియని తలపవలదు. తమిళనాడు శివగంగ జిల్లాలో కొళ్ళుకుడిపట్టి గ్రామస్థులు చెరువులోని పక్షులకై దశాబ్దములుగా దీపావళినాడు సయితము టపాసులు కాల్చుట మానుకొన్నారు. ఒక్కరు పూనిన అది నోము. ఊరంతయు పూనిన అది ఆచారము.

పిల్లలు పడు నెలలలో తెల్లవారుజామున చెట్లక్రింద తిరిగి చూచుటకు ఇంటికొకరు చొప్పున వంతులు వేసికొనుడు. గాలివాన కురిసిన మరునాడు ఇద్దరు పోవలెను. లెక్కపుస్తకము బడిపిల్లలకు అప్పగింపుడు. వారు పెద్దలకంటె శ్రద్ధగా వ్రాయుదురు. ఈ కట్టు నాలుగైదు ఏండ్లు నిలిచి, ఊరివారు కోరుకొన్నచో, 2002లో చట్టమునకు చేసిన సవరణ ప్రకారము సముదాయ రక్షిత ప్రాంతముగా గుర్తింపునకు ప్రభుత్వమును అడుగవచ్చును. అట్టిచోట భూమి ఊరివారిదే. నిర్వహణ సంఘములోను ఊరివారికి స్థానముండును.

చివరిమాట

ఇప్పుడు మరల ఆ చింతచెట్టు క్రిందికి వత్తము. పిల్ల ఇంకను పడియున్నది, కుక్క ఇంకను చూచుచున్నది. మీకు పొలమున పనియున్నది. భుజముమీది కండువా తీసి పిల్లపై కప్పి, నీడకు చేర్చి, బీటు అధికారికి ఫోను చేయుటకు పట్టునది పావుగంట. ఆ పావుగంట మీరు ఇచ్చినచో, వచ్చే ఏడు ఆ పిల్లయే మీ ఊరి ఆకాశమున రెక్కలు చాచి తిరుగవచ్చును. మీ మనుమడు మిమ్ము చూచి, "తాతా, ఈ పక్షులు మన ఊరికే ఎందుకు వచ్చును?" అని అడుగును. ఆ ప్రశ్నకు మీయొద్ద జవాబు ఉండవలెను.